కారు దిగిన చోటు నుంచి తలుపు దాకా: ఒక ఎంఎస్ పేషెంట్ కేసు

2023 మే చివర్లో, ఎంఎస్ అనే నరాల జబ్బు ఉన్న ఒక పేషెంట్ ఎడమ చేతికి కట్టుతో నా దగ్గరికి వచ్చారు. అప్పటికి ఆరు నెలలుగా నా దగ్గరే నడకకి ట్రీట్‌మెంట్ తీసుకుంటున్నారు. బేస్‌మెంట్ పార్కింగ్ ర్యాంపు మీద పడి మణికట్టు విరిగింది. ఎలా పడ్డారని అడిగితే "చెప్పు జారింది మేడమ్" అన్నారు. నేనూ ఫైల్లో అదే రాసుకున్నాను. వికలాంగుల స్లాట్ వదిలేసి కారు దూరంగా పెట్టి ఆమె ఎందుకు నడవాల్సి వచ్చిందో తెలియడానికి నాకు ఇంకో రెండు వారాలు పట్టింది. ముందే అడిగి ఉండాల్సింది. ఈ కేసు రాస్తున్నది అందుకే.

నేను ఫిజియోథెరపిస్టుని, ఎక్కువగా నరాల జబ్బుల వాళ్ళతో పనిచేస్తాను. ఇది రాయడానికి పేషెంట్ ఒప్పుకున్నారు. ఆమెని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

పేషెంట్

వయసు 37. ఇల్లు నిజాంపేట వైపు, ఉద్యోగం గచ్చిబౌలిలో. ఇంట్లో భర్త, నాలుగో తరగతి చదివే బాబు, అత్తగారు. 2019లో కుడి కన్ను ఉన్నట్టుండి మసకబారితే కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళారు. అక్కడి నుంచి ఎమ్మారై, ఆ తర్వాత న్యూరాలజిస్ట్. అలా మల్టిపుల్ స్క్లెరోసిస్ బయటపడింది. అందరూ ఎంఎస్ అంటారు. కరెంటు తీగకి ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టు మన నరాలకి మైలిన్ అనే పొర ఉంటుంది. ఈ జబ్బులో శరీరపు రోగనిరోధక వ్యవస్థే ఆ పొరని దెబ్బతీస్తుంది. ఏ నరం దెబ్బతింటే ఆ పని కుంటుపడుతుంది: చూపు, నడక, మూత్రం మీద అదుపు, జ్ఞాపకం, ఏదైనా కావచ్చు.

హైదరాబాద్‌లో ఉండే ఎంఎస్ పేషెంట్‌కి ఇంకో చిక్కు ఎండ. పొర దెబ్బతిన్న నరం వేడిని తట్టుకోలేదు. ఒంటి వేడి ఒక డిగ్రీ లోపు పెరిగినా చాలు, సందేశాలు మధ్యలో ఆగిపోతాయి. ఒళ్ళు చల్లబడ్డాక మళ్ళీ మామూలవుతుంది. 1890లో విల్‌హెల్మ్ ఊట్‌హాఫ్ అనే జర్మన్ కళ్ళ డాక్టర్ దీన్ని గమనించి రాశారు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తాం. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు గాలాడని బేస్‌మెంట్‌లో కారు పెట్టి, ర్యాంపు ఎక్కి పైకి రావడం ఆమె కాలికి ఎంత పరీక్షో ఊహించుకోండి.

2022 డిసెంబర్‌లో మొదటిసారి చూసినప్పుడు విశ్రాంతిగా ఉన్న ఆమె 25 అడుగుల దూరం 6.2 సెకన్లలో నడిచారు. పెద్ద తేడా కనిపించలేదు. ఆరు నిమిషాల నడక పరీక్షలో నాలుగో నిమిషానికి కుడి పాదం ముందు భాగం లేవడం మానేసి నేలకి రాసుకోవడం మొదలైంది. అలసట ఎంత ఉందో కొలవడానికి మేం వాడే 21 ప్రశ్నల పత్రంలో మొత్తం 84 మార్కులు. 38 దాటితే అలసట జీవితాన్ని ఇబ్బంది పెడుతోందని లెక్క. ఆమెకి 58 వచ్చింది. మాటల్లో ఆమె ఇంకో విషయం చెప్పారు. "చెప్పు కాల్లోంచి జారిపోయినా తెలియట్లేదు మేడమ్. పది అడుగులు వేశాక చూసుకుంటే కాలికి చెప్పు ఉండదు." చెప్పులేసుకుని తిరిగే మన ఊళ్ళలో ఈ ఒక్క మాట పాదం సంగతి చాలావరకు చెప్పేస్తుంది. నా దగ్గరికి వచ్చే ప్రతి పేషెంట్‌నీ ఇది అడుగుతాను.

బయటినుంచి చూసేవాళ్ళకి ఆమె ఎలా కనిపిస్తారో కూడా చెప్పాలి. ఇస్త్రీ చేసిన చుడీదార్, భుజానికి లాప్‌టాప్ బ్యాగ్, చలాకీగా మాట. కారు దిగి మొదటి వంద మీటర్లు అందరిలాగే నడుస్తారు. పార్కింగ్ దగ్గర నిలబడ్డవాళ్ళకి కనిపించేది ఆ వంద మీటర్లే. ఆ తర్వాతి నడక, లిఫ్టులో గోడకి ఆనుకుని నిలబడటం, సాయంత్రం ఇంటికొచ్చి బాబు హోంవర్క్ కూడా చూడలేక పడుకుండిపోవడం ఎవరూ చూడరు.

నేను చేసిన తప్పు

డిసెంబర్‌లో వ్యాయామాలు రాసిచ్చినప్పుడు ఒక సలహా కూడా ఇచ్చాను: "ఆఫీసులో కారు కాస్త దూరంగా పెట్టుకోండి, ఆ నాలుగు అడుగులు కూడా వ్యాయామమే." మా వృత్తిలో చాలామంది అలవాటుగా చెప్పే మాట ఇది. చలికాలంలో అది ఆమెకి పనికొచ్చింది కూడా. ఎండలు మొదలయ్యాక ఆ సలహాని నేను వెనక్కి తీసుకోలేదు. ఆమె మానలేదు.

వ్యాయామానికి ఒక మోతాదు ఉంటుంది. చల్లని గదిలో, పక్కన మనిషి ఉండగా, కాలు లాగితే కూర్చోవడానికి కుర్చీ ఉండగా నడిచే 200 మీటర్లు మందులాంటివి. మధ్యాహ్నం ఎండలో, ఆఫీసుకి లేటవుతుందనే టెన్షన్‌తో, బరువు మోస్తూ, మధ్యలో ఆగే వీలు లేకుండా నడిచే 200 మీటర్లు ఆ రోజుకి ఉన్న శక్తినంతా తినేస్తాయి. రెండూ నడకే అని నేను ఒకే లెక్కలో వేశాను.

కొత్త కుంటి నడక

జూన్ రెండో వారంలో, మణికట్టు కట్టు ఇంకా ఉండగానే, నడక చూద్దామని లేపాను. మొదటి అడుగు నుంచే ఆమె కుడి తుంటిని పైకెత్తి ఒళ్ళంతా పక్కకి ఊపుతూ నడిచారు. నాకు భయమేసింది. ఎంఎస్‌లో ఆమెకి ఇన్నాళ్ళూ ఉన్న తేడా అలసట తర్వాత వచ్చేది, అదీ పాదం దగ్గర. విశ్రాంతిలోనే, మొదటి అడుగులోనే, తుంటి దగ్గర తేడా అంటే కొత్త అటాక్ అయ్యుండొచ్చు. న్యూరాలజిస్ట్‌కి ఫోన్ చేయబోతూ, ఒకసారి కండరాల బలం చూశాను. డిసెంబర్‌లో ఎంత ఉందో అంతే ఉంది.

"ఈ నడక ఎప్పటినుంచి?" అని అడిగాను. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "కారు దిగేటప్పుడు అలా నడిచి నడిచి అలవాటైపోయింది మేడమ్."

జరిగింది ఇది. మార్చిలో బాబుతో ఒక షాపింగ్ మాల్‌కి వెళ్ళారు. లిఫ్టు పక్కన వీల్‌చెయిర్ బొమ్మ గీసిన స్లాట్ ఖాళీగా ఉంటే అందులో కారు పెట్టారు. కారు వెనక అద్దానికి వాళ్ళాయన కొనుక్కొచ్చి అతికించిన వీల్‌చెయిర్ స్టిక్కర్ ఉంది. సెక్యూరిటీ అతను వచ్చాడు. "మేడం, గిది హ్యాండీక్యాప్‌ల కోసం. బండి తీయుండ్రి." "నాకు ప్రాబ్లం ఉంది అన్నా" అని ఆమె అన్నారు. "ఏం ప్రాబ్లం మేడం, మంచిగనే ఉన్నరు గదా." ఇంతలో వెనక కారులోంచి ఒక పెద్దాయన దిగి, "చదువుకున్నోళ్ళే ఇట్ల చేస్తే ఎట్లమ్మా" అన్నాడు. బాబు వెనక సీట్లో ఉన్నాడు. ఆమె మారు మాట్లాడకుండా కారు తీసి కింది లెవెల్‌కి వెళ్ళారు.

ఆ రోజు నుంచి రెండే దారులు పెట్టుకున్నారు. గార్డు కనిపిస్తే దిగేటప్పుడే బాగా కుంటడం. ఒక చేతికర్ర కూడా కొని వెనక సీట్లో పెట్టుకున్నారు, చూపించడానికి. కుంటే ఓపిక కూడా లేని రోజున, లేదా తెలిసినవాళ్ళు ఎదురుపడే చోట, ఆ స్లాట్ జోలికే వెళ్ళకుండా దూరంగా పెట్టడం. పడిన రోజు దూరంగా పెట్టిన రోజే.

ఆరు నెలలు నేను ఆమెకి నిటారుగా నడవడం నేర్పాను. పార్కింగ్‌లో నమ్మకం కలగాలంటే ఆమె వంకరగా నడవాల్సి వచ్చింది. రోజుకి నాలుగైదు సార్లు చేసిన ఆ వంకర నడక, వారానికి రెండుసార్లు జరిగే నా సెషన్‌ని మించిపోయింది. నరాలు ఏది ఎక్కువసార్లు చేస్తే దాన్నే నేర్చుకుంటాయి, అది మంచిదా చెడ్డదా అని చూడవు. పైగా తుంటి ఎత్తి నడిస్తే ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. అలసట వల్ల అడిగిన స్లాట్ కోసం ఆమె ఇంకా అలసిపోవాల్సి వచ్చింది.

సర్టిఫికెట్ లేకుండా ఆ స్లాట్‌లో పెట్టడం తప్పు కాదా అని చదివేవాళ్ళు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆమెకి అప్పటికి కార్డు లేదు, స్టిక్కర్ మాత్రం ఎవరైనా కొనుక్కోవచ్చు. కానీ ఆ గార్డు కార్డు అడగలేదు. కాలు చూశాడు.

కార్డు కోసం

డాలస్‌లో ఉన్న ఆమె చెల్లెలు ఫోన్‌లో, "అక్కా, అక్కడ పర్మిట్ తీసుకోవచ్చు కదా" అందట. టెక్సస్‌లో డాక్టర్ ధ్రువీకరిస్తే కారు అద్దం దగ్గర తగిలించుకునే కార్డు ఇస్తారు. శాశ్వత సమస్యకి నీలం, తాత్కాలికానికి ఎరుపు. చెల్లెలి భర్తకి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు ఆరు నెలలకి ఎర్ర కార్డు ఇచ్చారు. బ్రిటన్‌లో బ్లూ బ్యాడ్జ్ అంటారు. ఇంగ్లాండ్‌లో 2019 ఆగస్టు 30 నుంచి బయటికి కనిపించని వైకల్యాలకి కూడా ఇచ్చేలా నియమాలు మార్చారు. అక్కడ కూడా కార్డు తగిలించుకున్నవాళ్ళని "బాగానే నడుస్తున్నావు కదా" అని నిలదీసేవాళ్ళు ఉన్నారు. తేడా ఏమిటంటే, చూపించడానికి ఒక కాగితం ఉంది.

మనకి దేశమంతా చెల్లే పార్కింగ్ పర్మిట్ అంటూ విడిగా లేదు. ఉన్నది వైకల్య సర్టిఫికెట్, దాంతో వచ్చే యూడీఐడీ అనే గుర్తింపు కార్డు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలు ఉంటే ఇందులో 21 ఉన్నాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్, తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధి, మానసిక అనారోగ్యం, ఆటిజం ఈ జాబితాలో ఉన్నాయి. ఇవి ఉన్నవాళ్ళలో చాలామంది మీ పక్కనే నిలబడినా మీకు తెలియదు. చట్టం చూపు అంత విశాలమైంది, గోడ మీద బొమ్మ మాత్రం వీల్‌చెయిరే. ఆ బొమ్మ 1968లో పుట్టింది.

ఆమెకి ఎవరూ ఈ విషయం చెప్పలేదు. నేనూ చెప్పలేదు. "నాకు కాళ్ళున్నాయి కదా మేడమ్, వికలాంగుల సర్టిఫికెట్ ఎలా ఇస్తారు?" అన్నారు. అత్తగారికి అసలు ఇష్టం లేదు. "ఆ ముద్ర ఒకసారి పడితే పోదమ్మా" అన్నారట. ఆ మాటలో ప్రేమే ఉంది. నేను ఆవిడని ఒకరోజు సెషన్‌కి రమ్మన్నాను. ఆరు నిమిషాల నడక కళ్ళారా చూశారు. ఐదో నిమిషంలో కోడలి పాదం నేలకి రాసుకోవడం చూసి లేచి వచ్చి చెయ్యి పట్టుకున్నారు. తర్వాత వైకల్యం ఎంతో తేల్చే సదరం పరీక్షకి మీసేవలో టైమ్ బుక్ చేయించింది ఆవిడే.

మొదటి పరీక్షలో వైకల్యం 40 శాతం లోపే వేశారు. ఉదయం పూట, గంటన్నర కుర్చీలో కూర్చున్నాక, ఫ్యాన్ కింద పదడుగులు నడవమన్నారు. ఆ పదడుగులు ఆమె చక్కగా నడిచారు. చాలా ప్రయోజనాలకి 40 శాతం గీత. చట్టంలో 59వ సెక్షన్ కింద అప్పీల్ చేసుకోవచ్చు. ఈసారి న్యూరాలజిస్ట్ రిపోర్టుతో పాటు నేను ఒక పేజీ రాసిచ్చాను. ఇలాంటి కేసులు చూసే తోటి థెరపిస్టులకి ఉపయోగపడుతుందని అందులో ఏముందో చెబుతాను. 25 అడుగుల నడక విశ్రాంతిగా ఉన్నప్పుడు 6.2 సెకన్లు. 200 మీటర్లు నడిచాక 8.9. మధ్యాహ్నం బయట 200 మీటర్లు నడిచాక 11.4. తిరిగి మొదటి స్థితికి రావడానికి 40 నిమిషాలు. ఆరు నెలల్లో ఎన్నిసార్లు పడ్డారు, ఎక్కడ, ఏ టైమ్‌కి. "తీవ్రమైన అలసట" లాంటి మాట ఒక్కటి కూడా రాయలేదు. అలసట అంటే అందరూ తమకి తెలిసిన అలసటే అనుకుంటారు. 2024 ఫిబ్రవరిలో 45 శాతంతో సర్టిఫికెట్ వచ్చింది.

ఈలోగా

కాగితం వచ్చేదాకా కాలు ఆగదు కాబట్టి జులైలోనే మూడు చోట్ల పని మొదలుపెట్టాం.

అపార్ట్‌మెంట్‌లో ఆమె స్లాట్ లిఫ్టుకి 85 మీటర్ల దూరం. టేపు పెట్టి కొలిచాం. లిఫ్టు పక్కన స్లాట్ ఉన్న రెండో ఫ్లోర్ పెద్దాయన దగ్గరికి ఆమె, భర్త కలిసి వెళ్ళి, "అంకుల్, వచ్చే ఎండాకాలం అయ్యేదాకానైనా మార్చుకుందామా" అని అడిగారు. జబ్బు పేరు చెప్పి అడిగారు. ఆయన ఆ సాయంత్రమే మార్చేశారు, ఎండాకాలం దాకానే అనే మాట కూడా వద్దన్నారు.

ఆఫీసులో న్యూరాలజిస్ట్ లెటర్‌తో హెచ్‌ఆర్‌ని కలిశారు. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలని చట్టంలో 21వ సెక్షన్ చెబుతుంది. వాళ్ళ వెబ్‌సైట్‌లో ఆ విధానం ఉంది, దాన్నే ప్రింటు తీసి తీసుకెళ్ళారు. రెండు వారాల్లో గేటు దగ్గర స్లాట్ ఇచ్చారు.

మూడోది నేను పనిచేసే చోటు. మన దేశపు ప్రమాణాల ప్రకారం ఈ స్లాట్ 3.6 మీటర్ల వెడల్పు ఉండాలి, ద్వారానికి 30 మీటర్ల లోపు ఉండాలి. మా దగ్గర రెండు ఉన్నాయని నాకు తెలుసు. వెళ్ళి చూస్తే ఒకదాంట్లో పూలకుండీలు, రెండోదాంట్లో రోజూ వచ్చే ఒక డాక్టర్ కారు. వెడల్పు 2.4 మీటర్లు. నడవలేనివాళ్ళకి వైద్యం చేసే చోట ఇది చూసి సిగ్గేసింది. కుండీలు తీయించడానికి ఒక రోజు, ఆ కారు తీయించడానికి రెండు నెలలు పట్టింది. ఇలాంటి ప్రమాణాలు సలహాల్లా మిగిలిపోకూడదని, కొన్నైనా తప్పనిసరి చేయాలని 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ కేసులో కోర్టుకి నివేదిక ఇచ్చింది మన శామీర్‌పేటలోని నల్సార్ యూనివర్సిటీ వికలాంగుల అధ్యయన కేంద్రమే.

వెడల్పు గురించి ఒక మాట చెప్పాలి, దీని మీద ఆమెతో చాలాసేపు మాట్లాడాను. వీల్‌చెయిర్‌లో ఉన్న మనిషికి ఆ 3.6 మీటర్లు లేకపోతే కారు తలుపు పూర్తిగా తెరుచుకోదు, దిగడమే కుదరదు. ఈమెకి కావలసింది వెడల్పు కాదు, దగ్గర. అందుకే ద్వారం పక్కనే మామూలు స్లాట్ ఖాళీగా ఉంటే అందులోనే పెడతారు. జనవరి ఉదయాల్లాంటి మంచి రోజుల్లో దూరంగా పెట్టి నడుస్తారు. మంచి రోజులు ఉన్నాయి కాబట్టి కార్డు అక్కర్లేదు అనే వాదన మాత్రం నేను ఒప్పుకోను. మంచి రోజో చెడ్డ రోజో తెలిసేది ఆమెకే.

కార్డు మనిషిది, కారుది కాదు. ఒకసారి వాళ్ళాయన ఒక్కరే మందులకి వెళ్ళి ఆ స్లాట్‌లో పెట్టారని తెలిసి ఆమె గట్టిగా గొడవపడ్డారు. నాకది సరైన కోపమే అనిపించింది. వికలాంగుల కోసం ఉన్నదాన్ని మోసంతో వాడుకుంటే 91వ సెక్షన్ కింద రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉండొచ్చు. అలా వాడే ప్రతి ఒక్కరూ గార్డుకి ఆమె మీద అనుమానం పెంచుతున్నారు.

అన్నిటికంటే కష్టమైన పని నోరు తెరిచి చెప్పడం. సెషన్ చివరి పది నిమిషాలు దీనికే పెట్టాం. మా అటెండర్ గార్డులా నిలబడి అడ్డుకునేవాడు. మొదట్లో ఆమె క్షమాపణలతో మొదలుపెట్టి జబ్బు చరిత్రంతా చెప్పేవారు. తగ్గించుకుంటూ వచ్చి, కార్డు చేతికొచ్చేనాటికి మూడు మాటలకి తెచ్చాం: "నాకు నరాల జబ్బుంది అన్నా. దూరం నడవలేను. కార్డు ఇదిగో." ఇంకేం అడిగినా అదే మళ్ళీ, గొంతు పెంచకుండా. కర్ర వెనక సీట్లోంచి తీసేశాం. అవసరమైన రోజు వాడతారు, చూపించడానికి వద్దనుకున్నాం.

ఎలా ఉన్నారు

2024 జనవరిలో అలసట మార్కులు 58 నుంచి 46కి తగ్గాయి. పడటం, ముందటి ఆరు నెలల్లో మూడుసార్లు, తర్వాతి ఎనిమిది నెలల్లో ఒక్కసారి. రోజుకి వేసే అడుగులు 3,100 నుంచి 4,000 దాటాయి. కారు దగ్గర అడుగులు తగ్గినా, సాయంత్రం మంచం పట్టకుండా ఉండటంతో ఇంట్లో, బాబుతో కింద పార్కులో పెరిగాయి. 25 అడుగుల నడక విశ్రాంతిలో 6.1. అంటే జబ్బు ఎక్కడుందో అక్కడే ఉంది.

ఇదంతా పార్కింగ్ వల్లే అని చెప్పను. చలికాలం వచ్చింది, చెయ్యి నయమైంది. అందుకే 2024 మేలో మళ్ళీ చూశాను: అలసట 51. శీతాకాలం కంటే ఎక్కువ, మొదటిసారి కంటే తక్కువ.

మాల్‌లో సెక్యూరిటీ వాళ్ళు ఇప్పటికీ ఆపుతారు. కార్డు చూశాక వదిలేస్తారు. ఒకతను మాత్రం, "మా అక్కకి గూడ నరాల బీమారే మేడం" అని తనే స్లాట్ ముందున్న కోన్ పక్కకి జరిపాడట.

కుంటి నడక పూర్తిగా పోలేదు. నా గదిలో నిటారుగానే నడుస్తారు. కారు తలుపు తెరవగానే మాత్రం తుంటి దానంతట అదే పైకి లేస్తుంది. దాన్ని ఇక్కడ గదిలో సరిచేయలేనని అర్థమైంది. అందుకే ఈ నెల నుంచి సెషన్‌లో సగం మా పార్కింగ్‌లోనే, ఆమె కారు దగ్గరే చేస్తున్నాం: తలుపు తీయడం, దిగడం, రెండు పాదాలూ ఆనించి ఒక్క క్షణం నిలబడటం, అప్పుడు మొదటి అడుగు.